సరే మేడమ్ జలప్రవేశం

ఆ బీమా కార్యాలయంలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎవరు ఏ పని నెత్తిన వేసినా ‘సరే’ అనడం చూసి సిబ్బంది ఆమెకు ‘సరే మేడమ్’ అన్న బిరుదును ప్రసాదించారు. బిరుదుతో పాటు తమ ఫైళ్ళనూ ప్రసాదించారు. అట్టి సాధ్వీమణి ఆ ఉదయం హ్యాండ్‌బ్యాగు అడుగున ఒక స్విమ్‌సూట్ మడిచి పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. సాయంత్రం అయిదింటికి ఈతకొలనులో తొలి పాఠం. ఆలస్యమైతే చోటు ఇంకొకరికి ఇచ్చేస్తామని శిక్షకురాలు ముందే హెచ్చరించింది. చిన్ననాటి నుంచీ నీళ్ళను గట్టు మీద నుంచే చూసి, తడవకుండా మర్యాద కాపాడుకున్న ప్రాణం అది.

నాలుగింటికి మేనేజరు ఫైళ్ళ దొంతరతో ప్రత్యక్షమయ్యాడు.

“రేపు పొద్దున్నకల్లా రిపోర్టు కావాలి. కాస్త కూర్చుని చేసెయ్యండి.”

“కుదరదండీ.”

ఫ్యాను తప్ప సమస్తమూ ఆగిపోయింది.

“ఒంట్లో బాలేదా?”

“బాగానే ఉందండీ. అయినా కుదరదు.”

పక్క సీటు గుమాస్తా దయార్ద్ర హృదయుడు. వెంటనే ఆమె భర్తకు ఫోన్ చేశాడు. “సార్, తొందరగా రండి! మేడమ్ కుదరదంటున్నారు!” పెళ్ళినాటి నుంచీ ఆ మాట ఎరుగని భర్త, ఇది తలకు సంబంధించిన వ్యాధేనని నిశ్చయించి, తల్లినీ కుటుంబ వైద్యుణ్ణీ కారులో వేసుకుని బయలుదేరాడు.

ఈలోగా మేనేజరు బుర్ర వేరే దారి పట్టింది. వెనక కొండంత అండ లేనిదే మనిషి ఇంత మాట అనదు. పోటీ కంపెనీ వాళ్ళు గాలం వేసి ఉంటారు!

“సెక్షన్ హెడ్ సీటు మీదే. మమ్మల్ని వదిలి వెళ్ళకండి మేడమ్!”

“అది రేపు మాట్లాడదామండీ. ఇవాళ కుదరదు.”

అంతలో భర్తా, అత్తగారూ వెంటరాగా వైద్యుడు వచ్చి టార్చి వెలిగించాడు. “నాలుక చాపమ్మా... నాలుక శుభ్రంగా ఉంది. మరి ఆ మాట ఎట్నుంచి వచ్చిందో!”

కోడలికి అణకువ నూరిపోసిన మహోపాధ్యాయిని అయిన అత్తగారు, మాత్రలేమైనా ఉన్నాయేమోనని బ్యాగు గాలించింది. చేతికి స్విమ్‌సూట్ తగిలింది. దాన్ని పైకెత్తి పట్టుకుంది.

“ఏంటిది?” అన్నాడు భర్త. “నలుగురూ ఏమనుకుంటారు?”

“నోర్ముయ్యరా! ఆ నలుగురూ ఏమనుకుంటారోనని ఆలోచిస్తూనే నా జుట్టు నెరిసింది. ఒక్కడైనా వచ్చి మెచ్చుకున్నాడా?” అత్తగారు ఆ దుస్తును తన నడుముకు ఆనించి కొలుచుకుంది. “అమ్మాయ్, నా సైజువి దొరుకుతాయా?”

“అక్కడే అమ్ముతారత్తయ్యా. పదండి, టైమైపోతోంది.”

ఇద్దరూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. మేనేజరు బల్ల మీది ఫైళ్ళను చూశాడు. గుమాస్తా కిటికీలోంచి ఆకాశాన్ని చూశాడు. ఆ తరువాత ఇద్దరూ కలిసి భర్త వైపు చూశారు.

ఆ ఇంట్లో ‘సరే’ అనగలిగిన మనిషి ఇక ఆయనొక్కడే.