కళ్ళజోళ్ళాయన మౌనపర్వం

మాటల తల్లీ, వాగ్దేవీ! వీరగాథ మొదలుపెట్టే ప్రతివాడూ ముందు నిన్నే పిలుస్తాడు గనుక మర్యాదకి నేనూ పిలిచాను. కానీ ఈ కథలో వీరుడు గెలవాలంటే నువ్వు అతని నాలుక దరిదాపులకు కూడా రాకూడదు. కాబట్టి, తల్లీ, వచ్చిన దారినే దయచేయుము.

దినమణి తన సహస్రకిరణసేనావాహినిని ఉపసంహరించుకొని పశ్చిమదిగంతసౌధపంక్తుల వెనుక విశ్రమించిన వేళ, వీధి దుకాణాల షట్టర్లు రణభేరీభాంకారములతో ఒకటొకటిగా నేలకు దిగిన వేళ, గాలి తక్కువా చప్పుడెక్కువా అయిన ఒక పంకా కింద, సోఫా అనెడి గజమును, ప్లాస్టిక్ కుర్చీ అనెడి తురగమును, గోడన వేలాడు టీవీ అనెడి మాయాదర్పణమును ధరించి శోభిల్లు ఒకానొక ముందుగదిలో ఈ మహాసంగ్రామం జరిగింది. ఏడున్నర కావడానికి ఇంకా కాస్త టైముంది.

ఆ గదికి ఏలిక కళ్ళజోళ్ళాయన. వీధి చివర కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది కాబట్టి లోకం అలాగే పిలుస్తుంది. మసకచూపుల మహాశత్రువు, కాచకళాకోవిదుడు, నిరంతరనిందానిపుణుడు అయిన ఆ మహానుభావుడు పగలంతా ఎదుటివాళ్ళ ముక్కుల మీద ఇనప చట్రం బిగించి, అందులో ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేసి, “ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?” అని అడుగుతూ ఉంటాడు. “రెండూ ఒకటేలా ఉన్నాయండీ” అని ఎవరైనా నసిగారో, వాళ్ళ పని అయిపోయినట్టే. “మీ కళ్ళు మీవి కావా? చూసి చెప్పలేరా?” అని దులిపేస్తాడు. తేడా తెలియని మనిషంటే ఆయనకు అంత ఏవగింపు.

సాయంత్రం ఇంటికొచ్చి అదే అస్త్రాన్ని టీవీ మీద ప్రయోగిస్తాడు. పాటల పోటీ వస్తే, “పాడింది నిమిషం, ఏడ్చింది అరగంట. బహుమతి గొంతుకా, కన్నీళ్ళకా?” వంటల కార్యక్రమం వస్తే, “గరిటె నోటిదాకా రాకముందే కళ్ళు మూసేసుకుంది చూడు, అంత రుచా!” వార్తలు వస్తే, “ఇంతమంది ఇంతసేపు అరిచారు కదా, బయట వాన పడుతోందో లేదో ఒక్కడైనా చెప్పాడా?” కొత్తవాళ్ళ మీద ఆయనకు జాలి లేదు. ఏది చూసినా తీర్పు ఒక్కటే, ఇందాకటిదే బాగుంది.

ఇందాకటిదంటే ఆయన పదిహేనేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పుడు ప్రతి ఆదివారం వచ్చిన ఓడరేవు డిటెక్టివ్ సీరియల్. ఆ డిటెక్టివ్ కొట్టడు, తిట్టడు. కళ్ళజోడు కాస్త ముక్కు మీదికి దించి, పైనుంచి ఒక్క చూపు చూస్తాడు. అంతే, దొంగ గడగడా ఒప్పేసుకుంటాడు. ఆ చూపుకి పడిపోయిన కుర్రాడే పెద్దవాడై కళ్ళజోళ్ళ దుకాణం పెట్టాడు. “ఆ కళ్ళజోడే లేకపోతే నా దుకాణమే లేదు” అని ఆయన చెప్పగా వినని బంధువు ఎవరైనా ఉంటే, పాపం, ఆ బంధువు ఇంకా పుట్టి ఉండడు.

ఇదంతా వినీ వినీ విసిగిపోయింది ఆయన భార్య. ఆవిడ పెద్దాస్పత్రిలో నర్సు. ఒకరోజు ఏడున్నర సీరియల్ నడుస్తూండగా చటుక్కున లేచి నిలబడింది.

“ఏవండీ, పొద్దుట్నుంచీ నిజం ఏడుపులు చూసొస్తాను. సాయంత్రం ఓ అరగంట అబద్ధం ఏడుపు చూసుకుందామంటే మీ గోలలో ఒక్క ముక్క వినపడి చావదు. పైన టైలరమ్మ మిషన్ తొక్కుకుంటూ చూస్తుంది. ఆ మిషనే నయం.”

అని తమతోనే ఉంటున్న తన తల్లి చేయి పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయింది. మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

నిందాపరశువును ఎత్తినవాడికి ఎదుట ఎవరో ఒకరు ఉండాలి కదా! “చూశావా వీడి వేషం!” అని కళ్ళజోళ్ళాయన అలవాటుగా పక్కకు తిరిగితే అక్కడ దిండు ఉండేది. దిండు నవ్వదు, విసుక్కోదు, “అబ్బ, ఊరుకోండీ” అనదు. ఆయనకు ఆ గది అస్సలు నచ్చలేదు. భార్య లేకుండా టీవీ చూడడం ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది, ఆ సంగతి మాత్రం చచ్చినా బయటపెట్టడు.

సరిగ్గా అప్పుడే ఒక చానెల్ వాళ్ళు ప్రకటించారు, ఓడరేవు డిటెక్టివ్ మళ్ళీ వస్తున్నాడని, ఎనిమిది గంటలకని. ఆ వార్త చెవిన పడగానే మన వీరుడు పులకాంకితగాత్రుడై, ఆనందబాష్పావిలనేత్రుడై, ఆ అద్భుతాన్ని భార్య పక్కన కూర్చుని చూస్తే తప్ప తన జన్మ సఫలం కాదని నిశ్చయించి, అభిమానధనమును గుమ్మం దగ్గర చెప్పుల పక్కన విడిచి, సోపానపరంపరను అధిరోహించి, టైలరమ్మ ద్వారబంధమున సంధికాముకుడై నిలిచాడు.

“ఏడున్నరది మనింట్లోనే చూద్దాం. నేను నోరెత్తను. ఎనిమిదింటికి నాది నువ్వు కూర్చుని చూడాలి.”

“నోరెత్తరా? మీరా?” అంది భార్య. మిషన్ ఆపి మరీ నవ్వింది టైలరమ్మ.

“ఎత్తనంటున్నానుగా.”

“సరే. ప్రకటనలప్పుడు ఏమైనా మాట్లాడుకోండి. సీరియల్ నడుస్తుండగా ఒక్క మాటన్నా, కనీసం ‘ఛ’ అన్నా, అమ్మా నేనూ పైకొచ్చేస్తాం. ఇంక రోజూ ఇక్కడే. మీదానికీ ఇదే రూలు.”

“మీదానికీ” అన్న మాటను వీరుడు అంతగా పట్టించుకోలేదు. తన సీరియల్‌ను తిట్టే ప్రమాదం తనకెక్కడిది?

మధ్యవర్తిగా ఆయన అత్తగారు కూర్చుంది. ఆవిడకు చెవులు అంతంతమాత్రం, అందుకే ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట పట్టేస్తుంది. గొణిగినా దొరికిపోవలసిందే. పైగా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీని తిప్పి, టీవీకి వీపు పెట్టి, అల్లుడికి ఎదురుగా కూర్చుంది.

“అదేంటత్తయ్యా, సీరియల్ చూడరా?”

“అందులో ఏముంది బాబూ, రోజూ ఉండేదే. ఇవాళ నిన్ను చూస్తేనే కాలక్షేపం.”

ఏడున్నర అయింది. శంఖాలు పూరించకపోయినా సీరియల్ పాట మొదలైంది. సోఫాకు ఒక చివర భార్య, ఇంకో చివర వీరుడు.

మొదటి దాడి ఒక కాఫీ కప్పుతో జరిగింది. వంటింట్లో పెద్ద కోడలి చేతిలోంచి కప్పు జారింది. జారిన కప్పు నేల మీద పడక మునుపే ఆ కోడలి అత్తగారి ముఖం, మామగారి ముఖం, ఇద్దరు తోడికోడళ్ళ ముఖాలు, ఈ కప్పుతో ఏ సంబంధమూ లేని ఒక బాబాయి ముఖం వరసగా ఉరుములతో సహా వచ్చాయి. కప్పు పగిలింది. పక్కనుంచి ఇంకోసారి పగిలింది. పైనుంచి మరోసారి పగిలింది. వీరుడి కంఠకుహరంలో “ఎన్ని కప్పులు కొన్నారే!” అనే వాక్యం అగ్నిపర్వతగర్భస్థద్రవంలా సలసల కాగుతూ పైకి ఎగదన్నింది. ఆయన రెండు పెదవులనూ దుర్గకవాటాల్లా బిగించి దాన్ని వెనక్కి మింగేశాడు. మింగుడు పడడానికి కాస్త టైము పట్టింది.

తరువాత ఆ పెద్ద కోడలే నిద్రపోయింది. నగలన్నీ పెట్టుకుని, దట్టంగా లిప్‌స్టిక్ వేసుకుని, జుట్టు ఒక్క వెంట్రుక చెదరకుండా నిద్రపోయింది. ఇక్కడ మన అత్తగారు అల్లుడి పెదవుల వంకే చూస్తోంది. పెదవులు వణికాయి గానీ విడిపోలేదు.

ఇంతలో ప్రకటనలు వచ్చాయి. ఆనకట్ట తెగింది.

“ఓ కాలకుటిలచిత్తులారా! చషకభంజనైకపరాయణులారా! శయనకాలమున సైతం సర్వాభరణభూషితలైన ఈ వనితలు మెడలు విరగక ప్రభాతమున ఎట్లు లేచుచున్నారో సెలవిండు! ఒక్క కప్పు పగులుట కొక్క వారము పట్టినచో, ఈ ఇంటి కథ ముగియుటకు భూగోళము చాలునా?” అన్నంత ఘనమైన భావం ఆయన మనసులో ఉంది. నోటివెంట మాత్రం, “అది పడుకుందా, పెళ్ళిచూపులకి కూర్చుందా?” అని వచ్చింది.

“నాకూ అదే అనిపించింది లెండి” అంది భార్య. ఆ మాటతో వీరుడికి సగం అలసట తీరిపోయింది.

రెండో భాగంలో అసలు బ్రహ్మాస్త్రం దిగింది. సీరియల్లో మామగారికి గుండెనొప్పి వచ్చి, డాక్టరు వచ్చాడు. నల్లచట్రం కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. ఆ కళ్ళజోడును చూడగానే కళ్ళజోళ్ళాయన వెన్ను నిటారైంది. నెత్తి మీద అంత లైటు వెలుగుతున్నా ఆ కళ్ళజోడులో ఒక్క మెరుపు లేదు. పవరున్న అద్దమైతే దాని వెనక చెంప అంచు కాస్త పక్కకు జరిగినట్టు కనిపించాలి. జరగలేదు. అందులో అద్దాలే లేవు!

ఖాళీ చట్రం! తన వృత్తికి, తన దుకాణానికి, తన చట్రాలకి, చిన్నప్పటి నుంచి తను నమ్మినదానికి జరిగిన ఘోరావమానం! రోషారుణితలోచనుడై, విస్ఫురితనాసాపుటుడై, కంపితసర్వాంగుడై, ఆ వీరుడు చేతికందిన దిండు మూలను పళ్ళ మధ్య బిగించాడు. భార్య తల్లి వైపు చూసింది.

“దిండు కొరకడం మాటాడ్డం కాదే” అని తీర్పిచ్చింది అత్తగారు, గది దద్దరిల్లేట్టు.

డాక్టరు కళ్ళజోడు సవరించుకున్నాడు. మామగారి నాడి చూశాడు, అదీ తప్పు చోట. అక్కడ నర్సు అయిన భార్య కూడా పంటి బిగువున నవ్వు ఆపుకుంది. మామగారు కోలుకుంటూండగా, అందరి ముఖాలూ ఇంకో చుట్టు తిరుగుతూండగా, సీరియల్ అయిపోయింది. దిండు మూల తడిసిపోయింది. వీరుడు గెలిచాడు.

“బాగానే ఉన్నారు కదా?” అని భార్య ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది. ఆవిడ సరైన చోటే పట్టుకుంది. “మీదే ఇప్పుడు. పెట్టండి.”

ఎనిమిదయింది. నలభై ఏళ్ళ నాటి ఓడకూత వినపడింది. వీరుడు కాళ్ళు ముడుచుకుని పదిహేనేళ్ళవాడిలా కూర్చున్నాడు.

డిటెక్టివ్ వచ్చాడు. ఒక తలుపు దగ్గర ఆగాడు. తలుపు వైపు చూశాడు. పిడి వైపు చూశాడు. వెనక్కి చూశాడు. మళ్ళీ పిడి వైపు చూశాడు. ఆగీ ఆగీ చెయ్యి వేశాడు. తలుపు తీస్తే పక్కనున్న రాతిగోడ గుడ్డలా ఊగింది. లోపల దొంగ ఉన్నాడు, వాడిముందు ఒక కప్పు ఉంది. డిటెక్టివ్ దొంగను చూశాడు, దొంగ కప్పును చూశాడు, ఇద్దరి ముఖాలూ ఉరుములతో వచ్చాయి. కళ్ళజోళ్ళాయన గుండెలో ఏదో కలుక్కుమంది. అయినా ఇంకా అసలు చూపు రాలేదు కదా అని ఓపికపట్టాడు.

డిటెక్టివ్ కళ్ళజోడు దించాడు. అదే చూపు. అప్పుడు పాపం, ఆ నటుడికి కనురెప్ప మీద దురద పుట్టినట్టుంది. వేలు పైకెత్తాడు. ఆ వేలు కళ్ళజోడులోంచి నేరుగా లోపలికి వెళ్ళి, రెప్పను గోకి, బయటికి వచ్చింది.

ఖాళీ చట్రం.

కళ్ళజోళ్ళాయన నోరు తెరుచుకుంది. అత్తగారు కుర్చీలో ముందుకు జరిగి పెదవుల్ని చూసింది. పెదవుల మీద ఏ మాటా లేదు. ఇంతకుముందు నోట్లోంచి దూసుకొచ్చే మాటలను ఆపడానికి యుద్ధం చేసిన మహావీరుడికి ఇప్పుడు చెప్పుకోవడానికి ఒక్క మాట దొరకలేదు. రూలు ఉన్నందుకు ఆయన లోలోపల రూలుకి దణ్ణం పెట్టుకున్నాడు. అంత సిగ్గేసింది ఆయనకి.

ప్రకటనలు వచ్చాయి.

“ఇప్పుడు మాటాడొచ్చండీ” అంది భార్య.

“ఈ సబ్బుది… బాగా తీశాడు” అన్నాడు కళ్ళజోళ్ళాయన. జీవితంలో ఆయన టీవీలో ఒకదాన్ని మెచ్చుకోవడం అదే మొదలు.

భార్య సోఫాలో కాస్త ఇటు జరిగింది. ఆయనే చేసిచ్చిన తన కళ్ళజోడు తీసి, ఆయన దుకాణంలో చేసినట్టే, చట్రాన్ని ఆయన ముక్కు ముందు పట్టుకుని మెల్లగా అడిగింది.

“ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?”

కళ్ళజోళ్ళాయన టీవీ వైపు చూశాడు. తడిసిన దిండు వైపు చూశాడు.

“రెండూ ఒకటేలా ఉన్నాయండీ” అని నసిగాడు.

భార్య ఆయన్ని దులపలేదు, పకపకా నవ్వింది. పెదవులు పట్టేసిన అత్తగారు మాత్రం పైకప్పు అదిరేట్టు చాటింపు వేసింది, “రెండూ ఒకటే అన్నాడే!” పై అంతస్తులో కుట్టుమిషన్ ఆగిపోయింది.

దిగ్దిగంతములారా, ఆలకింపుడు! కప్పులు పగిలినను చలింపక, ఖాళీ చట్రములు కవ్వించినను పెదవి విప్పక, చివరికి తన డిటెక్టివే తన్ను దగా చేసినను ప్రకటనల దాకా ఓర్చుకొని, కళ్ళజోళ్ళాయన సోఫాలో సగభాగమున తన ఇల్లాలిని తిరిగి జయించుకొన్నాడు. డిటెక్టివ్ మళ్ళీ వచ్చి ఇంకో తలుపు దగ్గర ఆగాడు. వాడు దాన్ని తీసేదాకా ముగ్గురూ నోరు మూసుకుని కూర్చున్నారు. ఆ సాయంత్రం పైకి ఎవరూ వెళ్ళలేదు.