మంత్రిగారి బండికి బావమరిది గాలి

రాష్ట్ర చరిత్రలో తొలిసారిగా ఒక మంత్రి, నడుంలోతు నీళ్లను సైతం లెక్కచేయని బండిలో ప్రజల చెంతకు వెళ్లబోతున్నారని జలనిర్గమన శాఖ సగర్వంగా ప్రకటించింది. ఈ శాఖను మొన్నటిదాకా మురుగు కాలువల శాఖ అనేవాళ్లు. మురుగు అనే మాట పక్కన తన పేరు బాగుండదని మంత్రి జక్కయ్యగారు బాధ్యతలు తీసుకున్న రోజే గ్రహించి, శాఖ పేరు మార్చేశారు. ఆ తర్వాత శాఖలో ఇంకే మార్పూ అవసరపడలేదంటే, ఆ ఒక్క సంస్కరణ ఎంత సమగ్రమైనదో పాఠకులే ఊహించుకోవచ్చు.

ప్రకటన రాసింది మంత్రిగారి పీఏ ఉదయభాస్కర్. రాస్తుంటే అతనికి నిజంగానే ఆనందం వేసింది, ఎందుకంటే మంత్రిగారు ముందుగా వెళ్లేది అతని సొంతూరికే. కంకిపాడుకి అవతల చిట్టూరుపాలెం. అక్కడ మురుగు కాలువకి కొత్త షట్టర్ బిగించి, దానికి రిబ్బను కట్టి, తాళం వేశారు. మంత్రిగారొచ్చి మీట నొక్కేదాకా అది లేవకూడదు. ఈలోగా వాయుగుండం పట్టింది. వానకి ప్రోటోకాల్ తెలియదు కదా, ప్రారంభోత్సవం దాకా ఆగలేదు. ఊరి పొలాలన్నీ మునిగాయి. ఆ నీళ్లు పోవాల్సిన దారికి తాళం వేసి ఉంది.

"ఒరేయ్ భాస్కరూ, చేను పొట్ట మీదుందిరా," అని వెంకటప్పయ్య బాబాయి ఫోన్లో మొత్తుకున్నాడు. తండ్రి పోయాక ఉదయభాస్కర్ని చదివించింది ఆయనే, ఆ చేని మీద వచ్చిన దాంతోనే. "నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే కుళ్లిపోద్ది. ఆ తాళం మేమే పగలగొట్టుకుంటే పోలా?"

"అమ్మో, వద్దు బాబాయ్! కేసులవుతయ్. రేపు పొద్దున్నే మంత్రిగారు బయల్దేరుతున్నారు. నాదీ పూచీ."

"సరే, నీ మొహం చూసి ఆగుతున్నాం."

మర్నాడు పొద్దున్న విజయవాడలో మంత్రిగారి క్యాంపు ఆఫీసు ముందు బండికి గుమ్మడికాయ కొట్టారు. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మంత్రిగారు ఎక్కి కూర్చున్నారు. డ్రైవర్ మరియదాసు తాళం తిప్పాడు. అప్పుడు ఎదురుగా ఉన్న తెర మీద పసుపుపచ్చ దీపం వెలిగింది. ఎడమ వెనక చక్రంలో గాలి ముప్పై అయిదు ఉండాల్సింది, పద్దెనిమిదే ఉందని చూపించింది.

మరియదాసు దిగి చక్రాన్ని కాలితో తన్ని చూశాడు. గేజీ పెట్టి చూశాడు. "ముప్పై అయిదు నిక్షేపంలా ఉందండీ."

"ఆ గేజీ ఎక్కడిది?" అన్నారు మంత్రిగారు.

"వన్ టౌన్లో కొన్నదండీ."

"బండి?"

"ఫారిన్‌దండీ."

"మరి ఫారిన్ మాట కాదని వన్ టౌన్ మాట నమ్మమంటావా? కొట్టు గాలి!"

మరియదాసు గాలి కొట్టాడు. తెర మీద పద్దెనిమిది. ఇంకా కొట్టాడు. పద్దెనిమిదే. టైరు బూరెలా ఉబ్బింది. నిమ్మకాయ ఎప్పుడో చితికిపోయింది. పద్దెనిమిది మాత్రం చెక్కుచెదరలేదు. చివరికి మరియదాసు పైపు కింద పడేశాడు. "ఇంక కొడితే టైరుకంటే ముందు నేను పేలిపోతానండీ. పిల్లలు గలవాణ్ణి."

ఉదయభాస్కర్ చేతులు నలుపుకుంటూ, "పోనీ ఇవాళ్టికి మామూలు కార్లో వెళదామా సార్?" అన్నాడు.

మంత్రిగారు జాలిగా చూశారు. "మామూలు కార్లో వెళ్లగలిగితే ఈ బండి ఎందుకు కొన్నారని ప్రతిపక్షం అడగదూ? ప్రజాధనం భాస్కర్! దానికి మనం జవాబుదారీ."

ప్రజాధనం మీద అంత భక్తి ఉన్న మనిషిని ఎదిరించడం ఎవరి తరం? కార్యక్రమం వాయిదా పడింది. సాయంత్రం బాబాయి ఫోన్ చేస్తే, "సాంకేతిక కారణాలు బాబాయ్," అన్నాడు ఉదయభాస్కర్. "అంటే?" అన్నాడు బాబాయి. ఆ ముక్క శాఖలో అంతకు ముందెవరూ అడగలేదు కాబట్టి ఉదయభాస్కర్ ఆ మాటే మళ్లీ చెప్పాడు.

రెండో రోజు షోరూం నుంచి సుస్మిత అనే ఇంజనీరు లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. మంత్రిగారి సతీమణి ఇందిరాదేవిగారు, ఆవిడ తమ్ముడు బాబీ కూడా వరండాలో నిలబడి చూస్తున్నారు. బాబీ బండీ అదే కంపెనీది, నిన్నట్నుంచీ పక్కనే ఆగి ఉంది. దానికో టైరు కాస్త కిందికి దిగి ఉందని ఎవరో అంటే, పంక్చర్ వేయించుకుని అట్నుంచటే ఇడ్లీ తినొస్తానని బాబీ బండి తీసుకుని వెళ్లాడు.

అతను గేటు దాటాడో లేదో, తెర మీద పద్దెనిమిది మాయమైంది. దాంతోపాటు మిగతా మూడు అంకెలూ పోయాయి. నాలుగు చక్రాల దగ్గరా నాలుగు గీతలు మిగిలాయి.

"అసలు గాలే లేదంటోందా?" మంత్రిగారు కంగారుగా సీట్లోంచి లేచారు.

"కాదండీ," అంది సుస్మిత. "ప్రతి చక్రం లోపలా ఓ చిన్న సెన్సర్ ఉంటుందండీ. గాలి ఎంతుందో అదే బండికి చెబుతుంది. ఈ చక్రాల్లో సెన్సర్లే లేవు. ఇవి బండితో వచ్చిన చక్రాలు కావండీ."

"కావు. ఇవి బురద చక్రాలు, స్పెషల్," అన్నారు మంత్రిగారు. "మా బాబీ దగ్గరుండి మార్పించాడు."

"మరి బండితో వచ్చిన చక్రాలు నాలుగూ ఏమైనయ్యండీ?"

వరండాలో ఉన్న వాళ్లందరికీ ఒక్కసారిగా ఆకాశం చూడాలనిపించింది. మబ్బు పట్టి ఉంది. సరిగ్గా అప్పుడే పంక్చర్ వేయించుకున్న బాబీ బండి లోపలికొచ్చి, మంత్రిగారి బండి పక్కన ఆగింది. తెర మీద నాలుగు చోట్లా ముప్పై అయిదు, ముప్పై అయిదు అని ముత్యాల్లా వచ్చేశాయి. పసుపుపచ్చ దీపం ఆరిపోయింది.

ఉదయభాస్కర్ చూపు బాబీ బండి చక్రాల మీద పడింది. ధగధగలాడుతున్నాయి. మంత్రిగారి బండి డెలివరీ తీసుకున్న రోజు తనే వాటికి పసుపు రాసి బొట్లు పెట్టాడు. తన చేత్తో పెట్టిన బొట్టు మరక ఒకదాని మీద ఇంకా పోలేదు. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"మా తమ్ముడు పక్కనుంటే అన్నీ సక్రమంగా ఉంటాయని పెళ్లైన నాటినుంచీ ఈయనకి చెబుతూనే ఉన్నాను," అన్నారు ఇందిరాదేవిగారు.

ఉదయభాస్కర్ నోరు మూసుకున్నాడు. బాబాయి గుర్తొచ్చి సిగ్గేసింది. పీఏ ఉద్యోగం కూడా గుర్తొచ్చింది, అందుకని ఆ సిగ్గు ఎక్కువసేపు నిలవలేదు. సుస్మితకీ ఉద్యోగం ఉంది కాబట్టి, "ప్రాబ్లం సాల్వ్ అయిందండీ," అని లాప్‌టాప్ మూసేసి వెళ్లిపోయింది.

జక్కయ్యగారు మాత్రం శాస్త్రీయ దృక్పథం వదలలేదు. బందరు రోడ్డు మీద ప్రయోగాలు చేయించారు. బాబీ బండిని వెనక నడిపిస్తే వెనక చక్రాల అంకెలు పోయాయి. ముందు నడిపిస్తే ముందు చక్రాలవి పోయాయి. పక్కపక్కనే, అద్దాలు రాసుకునేంత దగ్గరగా నడిపితే నాలుగూ నిలిచాయి. వెనక ట్రాఫిక్ ఉయ్యూరు బస్సులతో సహా ఆగిపోయిందిగానీ, విజ్ఞానం ముందుకు సాగింది. ఆ సాయంత్రమే బాబీని శాఖకు సాంకేతిక సలహాదారుగా నియమిస్తూ ఉత్తర్వు వెలువడింది. మంత్రిగారి బండి ఎక్కడికి కదిలినా సలహాదారు బండి కుడివైపున కదలాలని అందులో స్పష్టంగా ఉంది.

"ఇక రేపే చిట్టూరుపాలెం!" అన్నారు మంత్రిగారు.

శాఖ పెద్ద ఇంజనీరు ఈఈగారు గొంతు సవరించుకున్నారు. "చిన్న ఇబ్బంది సార్. షట్టర్ దగ్గరికి మురుగు కాలువ గట్టు మీద పోవాలి. దాని మీద ఒక్క బండే పడుతుంది."

"వెడల్పు చెయ్యండి."

"ఒకపక్క రైతుల పొలాలు సార్. భూసేకరణంటే కోర్టులూ అవీ..."

"రైతుల జోలికి పోవద్దు," అన్నారు మంత్రిగారు కఠినంగా. "రెండో పక్క ఏముంది?"

"కాలువ సార్."

"అది ఎవరిది?"

"మనదే సార్."

"మన సొంత స్థలం అంత ఖాళీగా పెట్టుకుని ఆలోచిస్తారేంటయ్యా?"

ఈసారి ఉదయభాస్కర్ ఉండబట్టలేకపోయాడు. "సార్, కాలువ పూడిస్తే పొలాల్లో నీళ్లు ఎటు పోతయ్ సార్?"

మంత్రిగారు నవ్వి అతని భుజం తట్టారు. "నీళ్ల సంగతి షట్టర్ చూసుకుంటుందయ్యా. మనం వెళుతోంది దాన్ని ఎత్తడానికేగా!"

పని అత్యవసరం కాబట్టి టెండర్ లేకుండా బాబీ కంపెనీకే అప్పగించారు. ప్రభుత్వ పనులు నెమ్మదిగా సాగుతాయని గిట్టని వాళ్లు అంటారు. వాళ్లు ఆ రోజు మైలవరం నుంచి వరస కట్టిన మట్టి లారీలను చూసి ఉండాల్సింది.

మధ్యాహ్నం బాబాయి ఫోన్ వచ్చింది. గొంతులో ప్రాణం లేచొచ్చింది. "లారీలొచ్చినయ్ రా భాస్కరూ! నీళ్లు తోడే మోటార్లు దింపుతున్నారనుకుని మీ బుల్లెమ్మ పిన్ని ఎదురెళ్లి డ్రైవర్లకి మజ్జిగిచ్చింది. నీ మాట నిలబెట్టావురా అబ్బాయ్!"

అవతల లారీ వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. "ఇదేంట్రా, మట్టి పోస్తున్నారు? కాలవలోకే పోస్తున్నారేంట్రా!" అన్నాడు బాబాయి. ఉదయభాస్కర్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ మోగినా ఎత్తలేదు.

ప్రారంభోత్సవం అయిదో రోజున మహా వైభవంగా జరిగింది. రెండు బళ్లూ కొత్త పెళ్లికొడుకూ పెళ్లికూతురిలా పక్కపక్కనే గట్టు మీద నడిచొచ్చాయి. దారి పొడుగునా నాలుగు ముప్పై అయిదులూ చెక్కుచెదరలేదు. మంత్రిగారు రిబ్బను కత్తిరించి మీట నొక్కారు. షట్టర్ గంభీరంగా పైకి లేచింది. దాని వెనక తడి ఎర్రమట్టి గోడలా నిలబడి ఉంది. కెమెరాలు దగ్గరికి జరిగాయి.

మంత్రిగారు వంగి చూశారు. "నీళ్లేవయ్యా?"

"లేవు సార్," అన్నారు ఈఈగారు.

మంత్రిగారు విలేకరుల వైపు తిరిగారు. "చూశారుగా! చుక్క నీళ్లు లేవు. ముంపు ముంపని గోల చేసిన పెద్దలు ఇప్పుడేమంటారు?"

గట్టుకి ఇవతల, కనుచూపు మేర, చేలన్నీ నీళ్లలో నల్లబడి పడున్నాయి. కుళ్లు వాసన వస్తోంది. విలేకరుల వీపులు అటువైపున్నాయి. వెంకటప్పయ్య తువ్వాలు భుజానేసుకుని ఓ పక్కన నిలబడ్డాడు. ఉదయభాస్కర్ని తిడతాడనుకుంటే తిట్టలేదు. తిడితే బాగుండునని ఉదయభాస్కర్‌కి అనిపించింది.

తిరుగు ప్రయాణంలో మరో సమస్య వచ్చింది. రెండు బళ్లూ పక్కపక్కనే ఉండి వెనక్కి తిరగడానికి గట్టు చాలలేదు. ఒకటి తర్వాత ఒకటి తిప్పుదామంటే దీపం వెలుగుతుంది. ఈఈగారు, సలహాదారుగారు, మరియదాసు తలలు పట్టుకున్నారు.

వెంకటప్పయ్య మెల్లగా దగ్గరికొచ్చాడు. "మా చేలోకి దింపి తిప్పుకోమనరా భాస్కరూ. ఇంక తొక్కితే పోయేదేం లేదు."

ఆ మాట మంత్రిగారి చెవిన పడింది. ఆయన కళ్లు చెమర్చాయి. "విన్నావా భాస్కర్? మన బండి కోసం చేనే ఇచ్చేస్తున్నాడు. రైతుకి మన మీద ఎంత అభిమానమో రాసుకో."

ఉదయభాస్కర్ రాసుకున్నాడు.