కిటికీ ముందు నాలుగు కర్రలు

ఇల్లు కట్టుకున్నవాళ్లని అదృష్టవంతులంటారు. నేను ఒప్పుకోను. పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకుంటుండగా తన ఇంట్లో ఒక చిన్న పని పెట్టుకున్నవాడే అసలైన అదృష్టవంతుడు. అలాంటివాడు వీధికొకడు దొరికినా గొప్పే. మా వీధికి నేను దొరికాను.

నవ్వకండి. ఎనిమిది నెలల అనుభవంతో చెబుతున్నాను.

మా ఇంట్లో వెనక గది ఒకటుంది. దానికి ఒక పక్క హాలు, ఒక పక్క వంటగది, ఇంకో పక్క స్నానాలగది. నాలుగో పక్క మా సందు, సందు అవతల పక్కిల్లు. గదికి కిటికీ లేదు. సామాన్ల కోసం కట్టిన గది కదా, సామాన్లకి వెలుతురెందుకని అప్పట్లో వదిలేశాం. తర్వాత సామాన్లు అటకెక్కాయి, మా ఆవిడ కుట్టుమిషన్‌తో ఆ గదిలోకి వెళ్లింది.

ఆమె కుట్టేవి బడిపిల్లల యూనిఫారాలు. అన్నీ నేవీ బ్లూ. మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైటు కిందే కుట్టాలి. సూదిలో దారం ఎక్కించాల్సి వచ్చినప్పుడల్లా సూది ఊడదీసుకుని లేచి, హాలు దాటి, వీధి గుమ్మంలో నిలబడి, ఆకాశం వైపు పట్టుకుని ఎక్కించుకుని వస్తుంది. రోజుకి ఎన్నిసార్లు లేస్తుందో ఒకరోజు కూచుని చూశాను. పధ్నాలుగు.

చూశానే గాని ఏమీ అనలేదు. నేను తక్కువ మాట్లాడతాను.

అక్కడో కిటికీ పెట్టిస్తానని ఆమెకి మాటిచ్చి పంతొమ్మిదేళ్లయింది. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు కదలాలి గదా? కదిలాను. సందు వైపు గోడ మీద సుద్దముక్కతో నాలుగు గీతలు గీశాను. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. వడ్రంగి చేత చట్రం చేయించాను. మేస్త్రిని మాట్లాడాను. సోమవారం గోడ పగలగొట్టాలి.

ఆదివారం పక్కింటాయన మేడ మీద ఇంకో అంతస్తు మొదలుపెట్టాడు.

ఆయన మంచివాడు. ఎంత మంచివాడంటే, అడగకుండా ఏ పనీ చెయ్యడు. పొద్దున్నే వచ్చి, "అన్నయ్యగారూ, పరంజా కోసం మీ సందులో నాలుగు కర్రలు పాతుకుంటాను. పైకెక్కి పనిచెయ్యడానికి. పది రోజులే," అన్నాడు.

నేను తల ఊపాను.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నేను పల్లెటూరివాణ్ణి. మా వైపు తల ఊపడమంటే విన్నానని అర్థం. ఒప్పుకున్నానని కాదు. విన్నాక మనిషి ఇంటికెళ్లి ఆలోచిస్తాడు, ఓ పూట గడిచాక వచ్చి జవాబు చెబుతాడు. మా బడిలో పంతులుగారు లెక్కలు చెబుతుంటే ముప్పైమందిమీ ఒకేసారి ఊపేవాళ్లం. మాకు అర్థమైందని ఆయన ఏనాడూ పొరపడలేదు. టౌను పద్ధతి వేరు. ఇక్కడ తల కిందికి దిగి పైకి లేచేలోపల గునపం దిగిపోతుంది.

సాయంత్రం జవాబు చెబుదామని వెళ్లేసరికి నాలుగు కర్రలూ నిలబడి ఉన్నాయి. సరిగ్గా నా సుద్దగీతల ముందు. అడ్డకర్ర కొన దూర్చడానికి మా గోడకి పిడికిలంత చిల్లు కూడా కొట్టారు. అదీ గీతల నడిమధ్యన. ఆయన ఉదారత చూశారా? నా కిటికీకి మొదటి దెబ్బ ఆయన మనుషులే వేశారు. చిల్లులో కర్ర ఉంది కాబట్టి వెలుతురు రాలేదు, అంతే.

అప్పట్నుంచి మాకు జరిగిన మేలు ఒకటా రెండా?

ముందు ఆరోగ్యం. ఇసుక మా గేటు ముందు పోశారు. అడిగే పోశారు, ఊపాను. డబ్బు కట్టి జిమ్‌కి వెళ్లేవాళ్లని చూస్తే ఇప్పుడు జాలేస్తోంది. నేను పాలప్యాకెట్ కోసం రోజూ ఒక కొండ ఎక్కి దిగుతున్నాను. ఎక్కేటప్పుడు రెండడుగులు ముందుకేస్తే ఒకటిన్నర అడుగు వెనక్కి జారుతుంది. అంటే ఒక కొండతో నాలుగు కొండల వ్యాయామం! ఏ జిమ్‌లో దొరుకుతుంది?

తర్వాత భద్రత. ఇటుకలు మా గుమ్మం మెట్ల మీద పేర్చారు. మనిషి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాలి. ఇక దొంగ ఎలా వస్తాడు? మేమే రాలేకపోతున్నాం. అంతెందుకు, మా బావమరిది ప్రతి నెలా వచ్చి మూడు రోజులు ఉండి వెళ్లేవాడు. మొన్న ఇసుక దాకా వచ్చి, దాని ఎత్తు చూసి, అక్కడి నుంచే ఫోన్‌లో కుశలం అడిగి వెనక్కి తిరిగాడు. పన్నెండేళ్లుగా నేను నోరు తెరిచి చెప్పలేకపోయిన మాట ఇసుక చెప్పింది.

కాంక్రీట్ మిక్సర్ పొద్దున ఆరున్నరకి మొదలవుతుంది. అలారం మానేశాం. గోడలు అదురుతుంటే వంటింట్లో గిన్నెలు వాటంతటవే సర్దుకుంటాయి, పెద్దవి వెనక్కి, చిన్నవి ముందుకి, మరీ చిన్నవి కిందికి. హాల్లో గోడగడియారం ఎనిమిదేళ్లుగా ఆగి ఉంది. డ్రిల్లింగ్ మొదలైన రెండో రోజు కదిలింది. టైము తప్పే చూపిస్తుంది గాని, ఆ ఉత్సాహం చూడాలి!

సిమెంట్ దుమ్ము సంగతి చెప్పనే లేదు. ఇంటికి ఏ రంగు వెయ్యాలో మేమిద్దరం ఆరేళ్లుగా తేల్చుకోలేకపోయాం. ఆమె లేత పసుపంది, నేను ఏమీ అనలేదు. ఇప్పుడా గొడవ లేదు. గోడలూ, కర్టెన్లూ, టీవీ, నా కళ్లద్దాలూ, అన్నీ ఒకే రంగు.

ఇక కిటికీ. మాకు కిటికీ లేదని ఎవరన్నారు? ఉంది. గోడలో లేదు, హాల్లో ఉంది. వడ్రంగి చేసిచ్చిన చట్రం దివాన్‌కి ఆనించి నిలబెట్టాం. అటు కూచుని ఆమె, ఇటు కూచుని నేను కాఫీ తాగుతాం. దానికి తువ్వాళ్లు ఆరేస్తాం, గొడుగు తగిలిస్తాం. మీ కిటికీని ఊడ్చేటప్పుడు పక్కకి జరపగలరా మీరు? మేం జరుపుతాం.

మేస్త్రి గురించి కూడా చెప్పాలి. నేను మాట్లాడుకున్న మేస్త్రి వారం తర్వాత వచ్చి, "కర్రలుండగా మీ కిటికీ ఎలాగూ తెరవలేం గదా సార్. ఈలోపల పక్కింట్లో రెండ్రోజులు చేసొస్తా," అన్నాడు. ఊపాను. అప్పట్నుంచి పక్కింటి మేడ మీదే ఉన్నాడు. మామూలుగా మేస్త్రి మాయమైతే కనబడడు. మా మేస్త్రి మాయమై రోజూ కనబడతాడు. పైనుంచి నా సుద్దగీతలు చూసి, "వానకి చెరిగిపోతున్నాయి సార్, మళ్లీ గీసుకోండి," అని గుర్తుచేస్తాడు. మూడుసార్లు గీసుకున్నాను.

మీ పక్కన ఎవరూ కట్టడం లేదా? నిరాశపడకండి. గోడ మీద సుద్దతో నాలుగు గీతలు గీసి చూడండి. మర్నాటికి లారీ వస్తుంది.

రోజూ పొద్దున్నే నేను చేతులు వెనక్కి కట్టుకుని సందులో ఆ కర్రల ముందు నిలబడేవాణ్ణి. "ఈ కర్రలు ఎప్పుడు తీస్తారు?" అనడం కోసం. నాలుగే మాటలు. వాటిని నోట్లో సర్దుకుంటుంటే పక్కింటాయన పైనుంచి తొంగిచూసి, "ఏం అన్నయ్యగారూ, అంతా బాగుందా?" అనేవాడు.

ఊపేవాణ్ణి.

ఇలా హాయిగా సాగిపోతుండగా బుధవారం ఒక చిన్న సంగతి జరిగింది. సోమవారం బళ్లు తెరుస్తారు. మా ఆవిడ పన్నెండు ప్యాంట్లు కుట్టి, మడతపెట్టడానికి వీధి గుమ్మంలోకి తెచ్చింది. ఎండలో చూస్తే పన్నెండూ నల్లదారంతో కుట్టి ఉన్నాయి. నేవీ బ్లూ బట్ట మీద నల్ల కుట్లు. ఆ గదిలో రెండు రీళ్లూ ఒకటే రంగు మరి. తప్పు కుట్టు కనిపిస్తే బడివాళ్లు బట్ట మొత్తం తిప్పి పంపిస్తారు, మళ్లీ పిలిచి పని ఇవ్వరు.

ఆమె ఇటుకల మీద కూచుని బ్లేడుతో కుట్లు విప్పడం మొదలుపెట్టింది. నేను పక్కన కూచున్నాను. ఆమె ఒక్కమాట అనలేదు. మాట్లాడకుండా ఉండటం నా దగ్గరే నేర్చుకుంది. ఇంకొకరు చేస్తుంటే అది ఎంత బరువుగా ఉంటుందో నాకు ఆ పూటే తెలిసింది.

మూడో ప్యాంటు విప్పి, నాలుగోది పక్కన పెట్టి లేచింది. బ్లేడు చేతిలోనే ఉంది. ఒక్క అడుగైనా వెనక్కి జారకుండా ఇసుక కొండెక్కి అటు దిగింది. కాస్త ఎడంగా ఆమె వెనకే నేనూ వెళ్లాను.

"మరిదిగారూ, ఆ కర్రలు ఎప్పుడు తీస్తారు?"

"ఏ కర్రలు వదినగారూ?" అన్నాడు పక్కింటాయన, బ్లేడు వైపు చూస్తూ.

"మా సందులోవి."

"అవా? ఆ వైపు గోడా, పూతా అయిపోయి ఐదు నెలలైంది. వాటితో మాకేం పనిలేదు."

"మరి తియ్యలేదేం?"

ఆయన నా వైపు చూశాడు. "అన్నయ్యగారిని అడిగాను. తీసెయ్యమంటారా అంటే తల ఊపారు. సరే, ఉంచమంటారా అంటే దానికీ ఊపారు. నేనేం చేసేది చెప్పండి. రోజూ పొద్దున్నే వచ్చి ఎదురుగా నిలబడి చూసుకుంటుంటారు. వాటి మీద ముచ్చటేమో అనుకున్నా. పెద్దాయన ఇష్టపడుతున్నదాన్ని పీకేస్తే ఏం బాగుంటుంది?"

"నేనూ అదే అనుకున్నానమ్మా," అన్నాడు మేస్త్రి పైనుంచి.

"ఏమండీ," అంది మా ఆవిడ నా వైపు తిరిగి.

ఒక్క పిలుపే. అది చాలింది.

కర్రలు పీకడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అడ్డకర్ర లాగేటప్పటికి ఆమె లోపల మిషన్ ముందు కూచుని ఉంది. చిల్లులోంచి పిడికిలంత వెలుతురు లోపలికొచ్చి సరిగ్గా సూది దగ్గర పడింది. ఆమె కూచున్నచోటి నుంచి కదలకుండా దారం ఎక్కించింది. తర్వాత, ఏ అవసరమూ లేకుండానే, తీసి మళ్లీ ఎక్కించింది.

శనివారానికి చట్రం హాల్లోంచి గోడలోకి వెళ్లింది. సోమవారానికి పన్నెండు ప్యాంట్లూ నీలం కుట్లతో బడికి వెళ్లాయి.

పాఠకులారా, ఎనిమిది నెలల్లో పక్కింటాయన మీద నాకు కోపమొచ్చింది ఇప్పుడే. పంతొమ్మిదేళ్లు వెతగ్గా నాకు దొరికిన ఒకే ఒక్క గట్టి సాకు ఆ నాలుగు కర్రలు. ఎండకీ వానకీ చెక్కుచెదరకుండా నిలబడ్డాయి. ఒక్కమాట అడగ్గానే ఇరవై నిమిషాల్లో పీకేశాడు! ఇలాంటి మనిషిని పక్కన పెట్టుకుని ఏ మగవాడైనా ప్రశాంతంగా ఎలా బతుకుతాడు?

ఇది ఆ కిటికీ దగ్గరే కుర్చీ వేసుకుని రాస్తున్నాను. ఇంట్లో ఇంత మంచి వెలుతురు ఇంకెక్కడా లేదు. ఇప్పుడే సందు అవతల మెట్ల మీద నుంచి పక్కింటాయన పిలిచాడు.

"అన్నయ్యగారూ, జల్లు మా మెట్ల మీదికి కొడుతోంది. మీ సందు మీదుగా ఒక రేకు వేసుకుంటాను. చిన్నదే, నాలుగడుగులు."

నా మెడ అప్పటికే కదిలింది.

"ఆయన విన్నారు మరిదిగారూ," అంది మా ఆవిడ మిషన్ ఆపకుండా. "ఒప్పుకోలేదు."

తర్వాత నాతో అంది. "మీరా కుర్చీ కాస్త జరపండి. వెలుతురుకి అడ్డంగా కూచున్నారు."

తల ఊపాను. ఇది మాత్రం ఒప్పుకునే.