ఆవిరి పట్టిన తుపాకీ

ఆ శనివారం పొద్దున ఆకాశం అడవి నెత్తి మీదికి దిగి కూర్చుంది. మంచు కురవాలో వద్దో తేల్చుకోలేక పిడికెడు రాల్చి, ఊరుకుని, మళ్ళీ పిడికెడు రాల్చింది. రేనో వంటింటి బల్ల మీద తుపాకీ విప్పుకుని కూర్చున్నాడు. తెల్లారితే జింకల వేట మొదలు.

వేట గుడిసెలో ఒక కట్టుబాటు ఉంది. జింక మీద గురి తప్పినవాడి చొక్కా వెనక కొస కత్తిరించి గోడకు మేకు కొడతారు. ఆ గోడకు రేనో చొక్కా కొసలు తప్ప వేరే అలంకారం లేదు. ఈసారైనా చొక్కా నిండుగా ఇంటికి రావాలని అతని పట్టుదల. తప్పు తనది కాదు, చవకలో కొన్న కంపెనీ తుపాకీది. దాని ప్లాస్టిక్ పిడిలో గొట్టం, మీట ఉన్న ఇనుము కదులుతోంది. బాగుచేసేవాడు అడిగిన కూలికి ఇంకో తుపాకీ వస్తుంది. అందుకని పడవ చిల్లు పూడ్చగా మిగిలిన జిగురుతో ఆ సందు తానే పూడ్చాలనుకున్నాడు.

సాయానికి బావమరిది ఒన్ని వచ్చాడు. జిగురు సందులోనే గట్టిపడి, ఇనుము మళ్ళీ ఊడొచ్చేలా, ముందుగా దానికి బూటు పాలిష్ దట్టంగా పూయాలి. అదొక్కటే మెళకువ. రేనో పాలిష్ డబ్బా బల్ల మీద పెట్టి జిగురు కలపడానికి షెడ్డుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఒన్ని చేతులు నల్లగా ఉన్నాయి, డబ్బా సగమైంది. పని అయిందనుకుని రేనో ఇనుమును జిగురులో కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నమైనా ఇనుము పిడిని వదల్లేదు. మీటలోకి కూడా జిగురు కారి, వేలితో లాగితే గోడను లాగినట్టుంది.

"పాలిష్ పూశావా లేదా?"

"పూశాను బావా. చూడు, ఎలా మెరుస్తున్నాయో" అని ఒన్ని బూట్లు చాపాడు.

"ఇనుముకురా!"

"అది నిగనిగలాడుతుంటే నువ్వే పూసేశావనుకున్నా. డబ్బా బయట ఉందిగా, మిగిలింది నాకేమో అని."

రేనో కాసేపు బూట్ల వంకే చూశాడు. "మీ అక్క సైమికి తెలిస్తే నన్ను బతకనివ్వదు."

"వేడికి జిగురు మెత్తబడుతుంది బావా. ఇవాళ శనివారమేగా."

ఇద్దరూ కిటికీలోంచి చూశారు. పెరట్లో, శనివారం స్నానాలకు వేడెక్కుతున్న ఆవిరిగది పొగగొట్టం గుప్పుగుప్పుమంటోంది.

బోల్టు తీసేసిన తుపాకీని ఆవిరిగదిలో, కూర్చునే పై బల్ల మీద పడుకోబెట్టి, పిడి చివరను బాల్చీ మీద ఆనించి, పైన తువ్వాలు కప్పారు. కాఫీ తాగి వచ్చేలోపు సైమి పిన్ని హిల్యా, ప్రతి శనివారం తలుపు తట్టకుండానే వచ్చే మనిషి, సైమిని వెంటేసుకుని తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళ స్నానాలయ్యేదాకా మగవాడు ఆ గుమ్మం తొక్కడు. రేనో మంచులో తలుపు దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అత్తయ్యా, పై బల్ల మీద కూర్చోకండి."

"ఎందుకని? నా చోటు అదేగా."

"వేడెక్కువ."

"చలి కాచుకోడానికి వచ్చానా నాయనా? సైమీ, కాలిన రాళ్ళ మీద ఇంకో రెండు చెంబుల నీళ్ళు పొయ్యవే."

లోపల బుస్సుమంది. ఒన్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

చాలాసేపటికి హిల్యా ఎర్రగా బయటికొచ్చింది. "బల్ల కుంగింది, బాగుచేయించుకో" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆమె వెనకే సైమి తుపాకీతో వచ్చింది. మీట వదిలింది గాని ఇనుము వదల్లేదు. పిడి మాత్రం పిన్నిగారి బరువుకు పక్కకు వంగి అలాగే బిగుసుకుంది.

రేనో భుజానికి ఆనించి చూశాడు. గొట్టం అడవి వైపుంటే తన ముఖం పక్కింటి వైపుంది.

సైమి తిట్టలేదు. అటక మీంచి తన తండ్రి పాత తుపాకీ దించి ఇచ్చింది. ఆయన చేతిలో అది ఒక్కసారీ గురి తప్పలేదని ఊరంతా చెప్పుకుంటారు. "ఇక సాకులు ఉండవుగా" అంది. సైమిది ఎడమచేతి వాటం. ఏ తుపాకీ భుజానికి కుదరక ఎన్నడూ వేటకు రాలేదు. వంకర తుపాకీని ఊరికే ఎడమ భుజానికి ఎత్తి చూసి, చెంప దానికానించింది. కొలిచి చేసినట్టు కుదిరింది.

"రేపు నేనూ వస్తానయ్యా" అంది.

మర్నాడు పొద్దెక్కకముందే ఆమె ఒక్క గుండుతో కొమ్ముల జింకను కూల్చింది. రేనో ఆ పాత తుపాకీతో తన ముందే నిలబడి తుమ్మిన జింక మీద గురి తప్పాడు. కత్తెర సైమి సంచిలోనే ఉంది.

గుడిసెలో ఉల్లిపాయలతో వేయించిన జింక కార్జం పళ్ళాల్లో పడింది. అందరూ వంచిన తల ఎత్తకుండా తింటున్నారు. రేనో మాత్రం మధ్యలో ఒకసారి లేచి, కుర్చీ తిప్పుకుని, చొక్కా కొస తెగిన వీపు పొయ్యి వైపు పెట్టి కూర్చున్నాడు.