బావగారి ఎడమచేతి పిస్తోలు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. పోయినసారి ఈ కథ మంగలి షాపులో చెబితే, సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి కుర్చీలోంచి లేచి తువ్వాలుతో సహా వెళ్ళిపోయాడు. నవ్వొచ్చి కాదు, భయమేసి.

మా ఆవిడ వెర్నాకి ఒక్కడే అన్నయ్య, ఓరిన్. నాకు బావ. పాత రాతిక్వారీలో మా క్లబ్బు ఆడే ఆట మీకు తెలిసిందే. చేతిలో పట్టుకునే టైమరు బీప్‌మని కూసిందంటే పరిగెత్తాలి, చెక్కగోడల చాటునుంచి వంగాలి, అట్టబొమ్మల్నీ ఇనప పళ్ళాల్నీ గడియారంతో పోటీపడి కాల్చాలి. ఆ ఆటలో బావని మించినవాడు ఒహాయో నదికి ఇవతల లేడు. నేనూ అదే క్లబ్బు. నన్ను మించినవాళ్ళు నదికి రెండువైపులా ఉన్నారు.

బావ మార్చిలో పోయాడు. పోతూ పోతూ తన పిస్తోలు చెల్లెలికిచ్చాడు. అంత్యక్రియలైన మర్నాడే వెర్నా నన్ను వంటింట్లో నిలబెట్టింది. ఎడమచేతిలో గరిట, కుడిచెయ్యి నడుం మీద.

“లైల్, ఆ పిస్తోలు ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. అన్నయ్య ఎలా వదిలివెళ్ళాడో అలాగే ఉండాలి. ఒక్క స్క్రూ కదిలినా నాకు తెలిసిపోతుంది.”

“నీకా? పిస్తోలుకీ పైపు రెంచికీ తేడా తెలియని నీకా?”

“నాకెంత తెలుసో నీకెందుకు? మాటిస్తావా, ఇవ్వవా?”

“ఇచ్చానమ్మా తల్లీ, ఇచ్చాను.”

గరిట ఎత్తినవాళ్ళ ముందు ఇచ్చిన మాట ఏ కోర్టులోనూ చెల్లదని నా అభిప్రాయం. అది పైకి అనలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. బావ పిస్తోలూ నా పిస్తోలూ కవలలు. ఒకేరోజు, ఒకే కొట్లో, పక్కపక్కన నిలబడి కొన్నాం. రంగు, బరువు, పొడవు అన్నీ ఒకటే. అయినా బావ పేలిస్తే పళ్ళాలు వరసగా పడిపోయేవి. నేను పేలిస్తే వెనకున్న మట్టిగట్టు పడేది. లోపం చేతిలో ఉందని బావ అనేవాడు. పిస్తోల్లోనే ఉందని నేను వాదించేవాణ్ణి.

పోయిన సభ్యుల జ్ఞాపకార్థం మా క్లబ్బు ఏటా అక్టోబరులో పోటీ పెడుతుంది. ఈసారి అది బావ పేరున అని ప్రకటించారు. గెలిచినవాడి పేరు ఇత్తడి పలక మీద చెక్కి గోడకి కొడతారు. ఇన్నేళ్ళ సభ్యత్వంలో నా పేరు ఆ గోడమీద ఒక్కసారే ఎక్కింది, అదీ మరుగుదొడ్లు కడిగే వంతుల పట్టీలో. ఈసారి ఎలాగైనా ఇత్తడి మీదికి ఎక్కాలని పట్టుబట్టాను.

వెర్నా చర్చికి వెళ్ళిన పూట మేడమీదికెళ్ళి, దుప్పట్ల పెట్టెలోంచి బావ తోలుసంచీ తీశాను. అందులో నా పిస్తోలు పెట్టి జిప్పు లాగేశాను. బావ పిస్తోలు నేలమాళిగలోని నా ఇనప్పెట్టెలోకి దిగింది. ఆ పెట్టె తాళం అంకె నాకూ, చచ్చిపోయిన బావకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. వెర్నా పుట్టినరోజు తేదీ అది. అలాగైనా నాకు గుర్తుంటుందని బావే పెట్టించాడు.

తర్వాత పని మొదలుపెట్టాను. బావది ఎడమచేతివాటం. ఖాళీ మ్యాగజైన్ జారిపడేందుకు నొక్కే బటన్‌ని తన బొటనవేలికి అందేలా పిస్తోలుకి కుడివైపు పెట్టుకున్నాడు. దాన్ని విప్పి ఎడమవైపుకి మార్చాను. ట్రిగ్గరేమో ఊపిరి తగిలినా జారేంత తేలిక, దాన్ని కాస్త బిగించాను. పైన గురి చూసే అద్దంలో ఎర్రచుక్క మసకమసగ్గా ఉంటే, బాగా వెలిగేలా పెంచాను. పని చూసుకుని నన్ను నేనే మెచ్చుకుని, పెట్టె మూసి పైకొచ్చాను.

మర్నాడు పనినుంచి రాగానే కిందికెళ్ళి పెట్టె తెరిచాను. బటన్ కుడివైపుంది. ట్రిగ్గరు వేలు తగలగానే జారింది. ఎర్రచుక్క ఆరిపోబోయే నిప్పుకణికలా మిణుకుమంటోంది. పెట్టెలోంచి గుప్పున పుదీనా బిళ్ళల వాసన కొట్టింది.

బావ బతికున్నన్నాళ్ళూ బుగ్గలో పుదీనా బిళ్ళ లేకుండా ఉన్నది పెళ్ళిఫొటోలో ఒక్కసారే.

నేను మార్చడం మరచిపోయానేమోనని సర్దిచెప్పుకుని, మళ్ళీ అన్నీ మార్చాను. ఈసారి స్క్రూలకి జిగురు కూడా పూశాను. మర్నాడు చూస్తే జిగురు శుభ్రంగా తుడిచేసి ఉంది, బటన్ కుడివైపే ఉంది. నా మెడమీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

శనివారం మధ్యాహ్నం. గడ్డి కోసి, మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చాను. నేలమాళిగనుంచి ఇంట్లోకి వేడిగాలి వచ్చేందుకు నేలలో పెట్టిన జాలీలోంచి వినిపించింది.

బీప్.

మా ఆటలో ఆ కూత వినబడితే ఒళ్ళు దానంతటదే కదులుతుంది. నా చెయ్యి నడుం దగ్గరికి పోయింది, గ్లాసు కింద పడింది. కిందనుంచి టిక్‌మని ఖాళీ పిస్తోలు నొక్కిన చప్పుడొచ్చింది. నా టైమరు వేసవిలోనే క్లబ్బు మెట్లమీద పడి ముక్కలైపోయింది. అంటే అది బావ టైమరే అయ్యుండాలి.

మెట్లు దిగాను. ఎవరూ లేరు. ఇనప్పెట్టెకి తాళం వేసే ఉంది. పనిబల్ల మీద వేలాడే దీపం మాత్రం మెల్లగా ఊగుతోంది. కిటికీ మూసి ఉంది, గాలి లేదు. పుదీనా వాసన.

పెరటివైపు పరిగెత్తాను. వెర్నా చిక్కుడు తీగల దగ్గర ఉంది.

“నువ్వు కిందికి వెళ్ళావా?”

“నాకేం పని? అక్కడ నీ సామానూ సాలీళ్ళూ తప్ప ఏమున్నాయి?”

“ఏదో కూత వినబడింది.”

“నీ మనస్సాక్షి అయ్యుంటుంది. చాన్నాళ్ళకి నోరు విప్పింది పాపం.”

“హాస్యం కాదు. నువ్వు దయ్యాల్ని నమ్ముతావా?”

చిక్కుడుకాయ తుంపుతున్న చెయ్యి ఆగింది. “ఎవరి దయ్యమో చెప్పు. నమ్మాలో వద్దో చెబుతా.”

“ఊరికే అడిగాలే.”

“ఊరికే అడిగినవాడి మొహం సున్నం కొట్టినట్టుండదు.”

ఆ పూటంతా కూర్చుని తర్కం చేశాను. బటన్ అటు మార్చేది ఎడమచేతివాటం మనిషే. మా ఇంట్లో ఎడమచేతివాటం ఎవరికుంది? పోయిన బావకి తప్ప ఇంకెవరికీ లేదు. తాళం అంకె ఎవరికి తెలుసు? పోయిన బావకే. పుదీనా బిళ్ళ ఎవరిది? వేరే చెప్పాలా! నా తర్కానికి నాకే చలిజ్వరం వచ్చింది.

అయినా ఇత్తడి పలక మీద ఆశ చావలేదు. రోజూ నేను మార్చడం, మర్నాటికల్లా అది వెనక్కి మారడం. ఆఖరికి పనిబల్ల ముందు నిలబడి బతిమాలాను. “బావా, నీకు బోలెడు పలకలున్నాయి. నాకు ఒక్కటి రానీ. ఒక్క ఆదివారం బటన్ ఇటుంటే నీ సొమ్మేం పోతుంది?” దీపం ఊగింది. నేను మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు.

పోటీ ముందురోజు రాత్రి భోజనం దగ్గర వెర్నా చెంచా కిందపెట్టింది.

“లైల్, నాకేమైనా చెప్పాలనుందా?”

“గ్రేవీ బాగుంది.”

“అంతేనా?”

“ఉప్పు కాస్త తక్కువైంది.”

ఆవిడ ఉప్పుసీసా నా ముందుకి తోసింది. చెప్పేయాలని గొంతుదాకా వచ్చింది, ఒట్టు. గొంతులో అప్పటికే గ్రేవీలో ముంచిన బిస్కెట్టు రొట్టె ఉంది.

ఆదివారం పొద్దున్నే పెట్టె తెరిచాను. బటన్ ఎడమవైపుంది! ట్రిగ్గరు నాకు నచ్చినంత గట్టిగా ఉంది. ఎర్రచుక్క ధగధగలాడుతోంది. పుదీనా వాసన లేదు. నా కళ్ళు చెమ్మగిల్లాయి. బావ కరుణించాడు! చేతిలోకి తీసుకుంటే, ఏళ్ళ తరబడి నేనే పట్టుకున్నట్టు ఒదిగిపోయింది. చూశారా, గొప్ప పిస్తోలంటే ఇదీ అనుకుంటూ ఒరలో పెట్టుకున్నాను.

వెర్నా ఎప్పుడూ క్వారీకి రాదు. ఆరోజు మాత్రం పెర్సిమన్ పళ్ళ పుడ్డింగు చేసి, అన్నయ్య పేరున పోటీ కదా, నేనూ వస్తానంది. రానీ, నా నడుముకున్నది ఎవరి పిస్తోలో ఆవిడకేం తెలుస్తుంది అనుకున్నాను. వెళ్ళగానే ఆవిడ పుడ్డింగు పట్టుకుని భోజనాల షెడ్డులోకి పోయింది.

క్వారీ నిండా మంచు. పది అడుగుల అవతల మనిషి ఉన్నాడో లేడో తెలియడంలేదు. మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి జ్ఞాపకార్థం పోటీ జరుగుతుందో ఆ పోయినమనిషి పేరే ముందు పిలుస్తారు. కాల్చేవాడు నిలబడే గీత దగ్గర ఎవరూ ఉండరు. టైమరు కూస్తుంది. అందరం టోపీలు తీసి, ఖాళీ గీతను చూస్తూ కాసేపు నిలబడతాం. తర్వాత పోటీ మొదలు.

పోటీ నడిపించే బోయిడ్ టైమరు ఎత్తాడు. ముందుపళ్ళ సందువల్ల అతను ఏం మాట్లాడినా సగం ఈలే.

“ఓరిన్! గీత దగ్గరికి రా!”

టోపీలు తీశాం. ఎవరూ కదల్లేదు. క్వారీ గోడమీంచి నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు మంచులో అడుగుల చప్పుడైంది.

పసుపుపచ్చ టోపీ. బావది. ఆ పసుపుపచ్చ చొక్కా కూడా బావదే, వీపు మీద పేరుతో సహా. కుడిభుజం కాస్త వంచి నడిచే ఆ నడక, ఈ ప్రపంచంలో ఒక్క కుటుంబానికే ఉంది. ఒర ఎడమ నడుముకుంది. ఆ ఆకారం మా అందరి ముందునుంచీ వెళ్ళి గీత దగ్గర నిలబడింది. పుదీనా వాసన నా ముక్కుకి తగిలింది.

“లోడ్ చేసుకో,” అన్నాడు బోయిడ్, రోజూ దయ్యాలకి చెబుతున్నట్టే. “రెడీనా? కాచుకో.”

బీప్.

ఎడమచెయ్యి కదలడం నేను చూడలేదు. పళ్ళాలు మాత్రం మంచులో ఠంగు ఠంగుమని వరసగా కూలిపోయాయి. ఖాళీ మ్యాగజైన్ జారి బురదలో పడింది. అదే సమయంలో నేనూ పడ్డాను.

కాల్పులు ఆగాక, పిస్తోలు ఖాళీ చేసి బోయిడ్‌కి చూపించి ఒరలో పెట్టాక, ఆ ఆకారం నావైపు తిరిగింది.

“లే లైల్, పాంటు పాడవుతుంది. ఉతికేది నేనే కదా,” అంది వెర్నా.

క్లబ్బు క్లబ్బంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నాకు తప్ప అందరికీ తెలుసు. నా వంతు వచ్చి, బోయిడ్ చెప్పాక పిస్తోలు తీసి చూద్దును కదా, కిందిభాగంలో ఒక గాటు ఉంది. పోయినేడు గారేజీలో కాలుజారి పడ్డప్పుడు నా పిస్తోలుకి పడిన గాటు అది! కరుణించిన బావా లేడు, మారిన బటనూ లేదు. ఆవిడ రాత్రే కవలల్ని తిరిగి ఎవరిచోట వాళ్ళని పెట్టేసింది. దాంతోనే కాల్చాను. కాల్చాల్సిన బొమ్మలన్నీ బతికాయి, కాల్చకూడని తెల్లబొమ్మ ఒక్కటే పోయింది.

ఇత్తడి పలక వెర్నా ఎడమచేతికి ఇచ్చారు. ఖాళీ పుడ్డింగు గిన్నె నా చేతికి ఇచ్చారు.

ఇంటికొచ్చాక వంటింట్లో నిలబడి అడిగాను. “ఎప్పుడు తెలిసింది?”

“మొదటిరోజే. రోజూ ఆ సంచీ తెరిచి చూసుకుంటాను. బటన్ ఎడమవైపుంది.”

“తాళం అంకె?”

“నా పుట్టినరోజు నాకు తెలియదా?”

“దీపం? కూతకి నేను దిగేసరికి ఎవరూ లేరే?”

“నేలమాళిగకి పెరటివైపు మెట్లున్నాయిగా. నువ్వు వచ్చే చప్పుడు ఊరంతా వినబడుతుంది. పుదీనా బిళ్ళలు అన్నయ్య చొక్కా జేబులో మిగిలాయి, చప్పరించేదాన్ని.” గరిట తిప్పుతూ ఆగింది. “పోయేముందు రెండేళ్ళూ అన్నయ్య చేతులు వణికేవి, లైల్. నువ్వు చేపలకి వెళ్ళిన పూటల్లా ఆయన చెబుతుంటే ప్రతి స్క్రూ నేనే బిగించాను. కాల్చడం ఆయనా బోయిడూ నేర్పారు. ‘అక్టోబరులో నా పేరు పిలుస్తారు, చెల్లీ. ఆ గీత ఖాళీగా ఉండకూడదు’ అన్నాడు. అందుకే ఆ పిస్తోలు ఎవరూ ముట్టుకోవద్దన్నాను.”

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. “ముందే చెప్పొచ్చుగా!”

“నువ్వే చెబుతావేమోనని చూశాను. ఉప్పు తక్కువైందన్నావు. ఇరవయ్యారేళ్ళుగా నీకు ఈ చేత్తోనే వడ్డిస్తున్నాను, ఎడమచేతివాటం ఎవరిదా అని దయ్యాల్లో వెతికావు.”

మాట మార్చాలని అన్నాను. “తప్పైపోయింది, వెర్నా. కానీ ఆ టైమరు కూతతో మాత్రం నా ప్రాణం తీశావు. ఇంతకీ ఎక్కడ దాచావది?”

“ఏ టైమరు?”

“బావ టైమరు. రోజూ సాధనకి వాడావుగా?”

“నేనెందుకు వాడతాను? మనసులోనే లెక్కపెట్టుకునేదాన్ని.” గరిట గిన్నె అంచుకి కొట్టి పక్కన పెట్టింది. “అది అన్నయ్య కోటు జేబులోనే పెట్టి పూడ్చిపెట్టాం. నువ్వూ ఉన్నావుగా అక్కడ.”

అప్పుడే, మా కాళ్ళకింద, వేడిగాలి జాలీలోంచి వినిపించింది.

బీప్.

వెర్నా వెనక్కి తిరగలేదు. జాలీవైపు వంగి, పక్కగదిలో మనిషిని పిలిచినట్టు, “చాల్లే అన్నయ్యా, గెలిచాంగా. భోజనానికి రా,” అంది.

ఆవిడ నవ్వుతోందో లేదో వెనకనుంచి నాకు కనబడలేదు. నేను మారు మాట్లాడకుండా మూడో కంచం తీసి బల్లమీద పెట్టాను, చెంచా ఎడమవైపున.