మాలిగాయా పార్కు గేటు పాట

మాలిగాయా వినోదవనం యాజమాన్యం ప్రజలకు సవినయంగా తెలియజేసింది ఏమనగా: సందర్శకులు ఇకమీదట త్వరగా ఇళ్ళకు చేరేందుకు వీలుగా సాయంత్రం గేటు దగ్గర వినిపించే సంగీతాన్ని మార్చడమైనది. మనీలాకు దగ్గర్లో, లగూనా సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో ఈ ప్రకటన చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇంటికి వెళ్ళడానికి కూడా సంగీతం సాయం కావలసిన జనం మేమని మాకు ముందునుంచీ తెలుసు.

పొద్దున ఏ చిక్కూ లేదు. గేటు తెరవగానే బాకాలు మోగుతాయి. ఆ ఊపుకి మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూడా గుర్రాల రాట్నం వైపు పరుగు తీస్తారు. చిక్కంతా సాయంత్రమే. ఆరింటికి పార్కు మూస్తారు కాబట్టి కాస్త ముందుగా గిటారు మీద ఒక మెల్లని పాట మొదలవుతుంది. అది వినగానే అందరూ "ఇక వెళ్ళొస్తాం" అని లేస్తారు. అలా వెళ్ళడం మొదలవుతుంది. మొదలైంది పూర్తి కావాలని ఎక్కడా రాసిలేదు. పిల్లలు పెద్దల చేతులు తీసుకుని నుదుటికి తాకించుకోవాలి. ఆడవాళ్ళు బుగ్గకు బుగ్గ ఆనించాలి. మిగిలిన పన్సిట్ నూడుల్స్ ఎవరి గిన్నెలోకి వెళ్ళాలో తేలాలి. అందరూ కలిసి ఫొటో దిగాలి. అందులో పెద్దత్త కళ్ళు మూసుకుంది కనుక ఇంకొకటి దిగాలి. ఈలోగా ఎవరో బాత్‌రూమ్‌కి వెళతారు. వాళ్ళు లేనప్పుడు చెప్పుకున్న వీడ్కోలు చెల్లదు. వాళ్ళు వచ్చాక మళ్ళీ నుదుళ్ళ దగ్గర్నుంచి మొదలు.

గేటు పక్కన పాటల గదిలో ఆలింగ్ సియోనీ కూర్చునేది. మా ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళను ఆలింగ్ అనీ, మగవాళ్ళను మాంగ్ అనీ గౌరవిస్తాం. జనం ఆలస్యం చేస్తున్నారని విసుక్కోవలసింది పోయి, వాళ్ళ మాటలు పూర్తికాలేదని తోస్తే పాటను మళ్ళీ మొదటికి తిప్పేది. ఆ ముసలాయన జీప్నీ బండి ఎక్కాడా, ఆ చంటిపిల్ల ఎవరి చంకలో ఉంది, ఎర్ర గొడుగు మరిచిపోయారా అని కిటికీలోంచి తల బయటపెట్టి బెంగపడేది. జీతంలో లేని పని.

ఆ బెంగకు కారణం ఉంది. ఆమె చిన్నప్పుడు వాళ్ళమ్మ ఆవిరి రొట్టెలు కొనుక్కొస్తానని చెప్పి బజారుకు వెళ్ళి, పనికోసం హాంకాంగ్ పడవ ఎక్కింది. పిల్ల ఏడుస్తుందని చెప్పకుండా వెళ్ళానని అక్కడినుంచి ఉత్తరం రాసింది. పిల్ల ఆ ఉత్తరం చూసి ఏడ్చింది. పెద్దయ్యాక, మొగుడు ఆంబో క్షవరం చేయించుకుని వస్తానని వెళ్ళి మంగలి కుర్చీలోనే కన్నుమూశాడు. అప్పటికి సగం తలే అయింది. మిగతా సగం చేయడమా మానడమా అని మంగలి ఎవరినో పంపి అడిగించాడు. సియోనీ జీవితంలో ఆంబోకి సంబంధించి వచ్చిన చివరి కబురు అదే.

సెప్టెంబరు నెలాఖరుకు ఆమె ఉద్యోగ విరమణ. దానికి చాలా ముందే మేనేజరు సర్ బెన్‌హర్ లకాంబ్రా దగ్గరికి వెళ్ళింది.

"సర్, నాకు పతకం వద్దు, గోడ గడియారం వద్దు. వెళ్ళేరోజు అందరూ గేటు దగ్గర నిలబడి, ఒక్కొక్కరూ వచ్చి నాకు వెళ్ళిరమ్మని చెప్పాలి. నెమ్మదిగా చెప్పాలి. అంతే."

"అదెంత పని, ఆలింగ్ సియోనీ! మొత్తం పందిని నిప్పుల మీద కాల్పిద్దాం. ఉపన్యాసం నేనే ఇస్తా. కాకపోతే ఒక చిన్న నిబంధన ఉంది. రోజూ ఆరయ్యాక గేటు దగ్గర జనం పేరుకుపోతున్నారు. పేరుకుపోయే చోట సభలు పెట్టకూడదని భద్రతా విభాగం ఉత్తర్వు. ముందు గేటు ఖాళీ చేయించండి, అప్పుడు మీ సభ అక్కడే."

"అంటే సర్, మీరు నాకు వీడ్కోలు చెప్పాలంటే, జనం ఒకరికొకరు చెప్పుకోవడం మానెయ్యాలి."

"చూశారా, ఎంత తేలిగ్గా పట్టేశారో!"

ఆ వారమే సర్ బెన్‌హర్ అధ్యక్షతన నిష్క్రమణ వేగవృద్ధి సంఘం ఏర్పడింది. మనిషి నడక సంగీతాన్ని బట్టి ఉంటుందని సంఘం తేల్చింది. కాబట్టి వేగమైన పాట వేస్తే జనం వేగంగా పోతారు. శాస్త్రీయంగా ఇందులో తప్పు లేదు.

గేటు దగ్గర దడదడమని డిస్కో మోగింది. జనం సంచులు కింద పెట్టి డాన్సు చేశారు. మర్నాటికి చుట్టుపక్కల వీధుల ఆంటీలు ఒకే రంగు బనియన్లు వేసుకుని, టికెట్టు కొనకుండా గేటు బయట వరసకట్టి, ఒళ్ళు తగ్గించుకునే కార్యక్రమం మొదలుపెట్టారు. గేటు కాపలాదారు మాంగ్ దోరో వాళ్ళను తరమడానికి వెళ్ళి, నాలుగో వరసలో ఖాళీ ఉందని అక్కడ నిలబడిపోయాడు.

"ఏం పారే, తరిమావా?" అని సియోనీ కిటికీలోంచి అడిగింది. దోరో కూతురికి బాప్తిస్మంనాడు నిలబడ్డ జ్ఞానతల్లి ఆమె. అందుకని ఆమెకు అతను పారే, అతనికి ఆమె మారే.

"తరుముతున్నా మారే. తరమడంలో కూడా లయ తప్పకూడదు కదా."

వేగం పనికిరాలేదు కాబట్టి విషాదం ప్రయోగించాలని సంఘం తీర్మానించింది. గుండెలు పిండే ప్రేమ పాటలు వేశారు. మా దేశంలో విషాదగీతం వినిపిస్తే, దాన్ని పాడుతున్న గాయకుడికి సాయం పట్టడం పౌరధర్మం. జనం సాయం పట్టారు. తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకును ఒకాయన లాక్కుని చివరి చరణం ఎత్తుకున్నాడు. అయ్యాక, కరోకే యంత్రం చెప్పినట్టు తనకెన్ని మార్కులో చెబితే గాని గేటు దాటనన్నాడు. వెనకున్నవాళ్ళు నాకంటే నాకని వరసకట్టారు.

అప్పుడు సర్ బెన్‌హర్ బల్ల గుద్ది చెప్పాడు. "ఈ జనానికి క్రమశిక్షణ లేదు. జాతీయగీతం వేయండి! దేశభక్తుడెవడూ అల్లరి చేయడు."

వేశారు. నిజంగానే ఎవరూ అల్లరి చేయలేదు. ఎవరూ కదల్లేదు కూడా. అందరూ గుండెమీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. యంత్రం పాటను తిప్పి తిప్పి వేసేలా పెట్టి ఉంది. దాన్ని ఆపాలంటే సియోనీ గుండెమీంచి చెయ్యి తీయాలి. అది ఆమెవల్ల కాదు. ఐస్‌క్రీము కరిగి మోచేతులదాకా కారినా ఎవరూ నాకలేదు. పర్యవేక్షణకు మెట్లు దిగుతున్న సర్ బెన్‌హర్ ఒక కాలు గాలిలో పెట్టి, దేశం కోసం వణికాడు. చివరికి ఊళ్ళో కరెంటు పోయి అందరికీ విముక్తి కలిగింది. విముక్తి కలిగిన సంతోషంలో జనం ఒకరినొకరు కావలించుకుని, వీడ్కోళ్ళు మొదటినుంచి ప్రారంభించారు.

ఇలా సెప్టెంబరు వచ్చింది. సెప్టెంబరు మొదటి తేదీ నుంచి మాకు క్రిస్మస్ పాటలు. డిసెంబరు దాకా ఆగే దేశాలు కూడా ఉన్నాయంటారు. వాళ్ళ ఓపిక వాళ్ళది. ఆ సాయంత్రం సియోనీ ఏ దురుద్దేశమూ లేకుండా, ఆనవాయితీ ప్రకారం, క్రిస్మస్ గంటల పాట పెట్టింది.

గేటు దగ్గర ఒక భారీ మనిషి మూడో ఫొటోకి నవ్వుతున్నాడు. గంటలు వినపడగానే నవ్వు ఆగిపోయింది. అటు పక్కనుంచి ఒక పిల్లవాడి కేక: "నినోంగ్!"

నినోంగ్ అంటే జ్ఞానతండ్రి, నినాంగ్ అంటే జ్ఞానతల్లి. ఇక్కడ మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. బిడ్డకు బాప్తిస్మం ఇస్తే ఒక్క జ్ఞానతండ్రితో సరిపెట్టం. ఫుట్‌బాల్ జట్టుకు సరిపడా మందిని నిలబెడతాం. కాబట్టి ఊళ్ళో ప్రతి పెద్దవాడికీ ఒక పటాలం జ్ఞానబిడ్డలు ఉంటారు. క్రిస్మస్ వస్తే వాళ్ళకు కానుకలివ్వాలి. బాప్తిస్మం రోజున ఆత్మను కాపాడతానని ప్రమాణం చేసిన పెద్దమనిషే, క్రిస్మస్ నాడు గోనెసంచుల వెనక నక్కుతాడు. ఇదంతా మాకు మామూలే. కాకపోతే ఆ దాక్కోవడాలు ఇంత పెద్ద గుంపులో, ఒకేసారి జరగడం అదే మొదలు.

భారీ మనిషి పరుగెత్తాడు. అది చూసి, తమ జ్ఞానబిడ్డలు ఎటునుంచి వస్తున్నారో తెలియక మిగతా జ్ఞానతండ్రులూ జ్ఞానతల్లులూ పరుగెత్తారు. ఆనించబోయిన బుగ్గలు గాలిలోనే ఆగిపోయాయి. జీప్నీలు నిండి, తలుపులకు వేలాడే మనుషులతో వెళ్ళిపోయాయి. ఆరు కొట్టేసరికి గేటు దగ్గర చెప్పులు మాత్రం మిగిలాయి.

"మారే! ఏం పాట పెట్టావే తల్లీ! పులొచ్చినట్టు పోయారు!" దోరో కడుపు పట్టుకుని నవ్వాడు. "నీ పంది నీకు ఖాయం!"

సియోనీ కిందకు దిగి, ఒక ముసలమ్మ వదిలేసిన చెప్పు తీసి దుమ్ము దులిపింది. "ఒక్కళ్ళు కూడా వెళ్ళొస్తానని చెప్పలేదు పారే," అంది.

"మరి కావలసింది అదేగా!"

కావలసింది అదే. సంఘం తన దూరదృష్టిని తానే అభినందించుకుంటూ తీర్మానం చేసింది. మానవ దౌర్బల్యానికి తావు లేకుండా, రోజూ సరిగ్గా ఆరింటికి క్రిస్మస్ పాట దానంతటదే మోగేలా యంత్రం బిగించి, ఆ పెట్టెకు తాళం వేసి, తాళంచెవిని మనీలా ప్రధాన కార్యాలయంలో భద్రపరిచారు.

విరమణ రోజు వచ్చింది. గేటు కింద మొత్తం పంది ఎర్రగా కాలి, నోట్లో యాపిల్ పండుతో, సభలో అందరికంటే ప్రశాంతంగా పడుకుంది. ఉద్యోగులంతా సియోనీకి వీడ్కోలు చెప్పడానికి వరసలో నిలబడ్డారు. మొదట దోరో ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో. ఉద్యోగుల పిల్లలు పందికి దగ్గరగా నిలబడ్డారు. ఆరులోపు అందరూ చెప్పేయాలి. సియోనీ పొద్దుటినుంచీ గడియారమే చూస్తోంది.

సర్ బెన్‌హర్ మైకు అందుకున్నాడు. "ఆలింగ్ సియోనీ ఒక వ్యక్తి కాదు, ఒక ద్వారం! ఆ ద్వారం గురించి చెప్పేముందు, ఈ సంస్థలో నేను అడుగుపెట్టిన రోజుల గురించి రెండు ముక్కలు..."

అడుగుపెట్టిన రోజులు చాలాసేపు సాగాయి.

"సర్, టైము," అంది సియోనీ.

"వస్తున్నా, మీ దగ్గరికే వస్తున్నా. నా బాల్యం అయిపోగానే..."

ఆయన బాల్యం అయిపోయేసరికి ఆరుకు రెప్పపాటు ఉంది. దోరో గబగబా ముందుకొచ్చి, టోపీ తీసి, గొంతు సవరించుకున్నాడు.

"మారే, ఎప్పటినుంచో నీకొక మాట చెప్పాలని..."

గంటలు మోగాయి.

పందిని చూస్తున్న పిల్లలు తలలు తిప్పారు. సరస్సు ఒడ్డు సందుల్లోంచి, ఆ పాట విని, మరో మంద పరుగున వచ్చింది. రాబోయే ఎన్నికల్లో నిలబడే ఉద్దేశంతో ఊళ్ళో ప్రతి బిడ్డకూ జ్ఞానతండ్రిగా నిలబడిన సర్ బెన్‌హర్, మైకుతో సహా గోడ దూకాడు. ఆయన పారిపోతూ ఆయాసపడటం కాసేపు స్పీకర్లలో వినిపించింది. వరస మొత్తం చెదిరిపోయింది. దోరో టికెట్ల కిటికీలోంచి సగం దూరి వెనక్కు చూశాడు.

"క్షమించు మారే! అదుగో మా తమ్ముడి కవలలు! రేపు చెప్తా!"

"రేపు నేనుండను పారే!"

అతని కాళ్ళు కూడా లోపలికి వెళ్ళిపోయాయి.

గేటు ఖాళీ అయింది. పందీ సియోనీ మిగిలారు, వాళ్ళ చుట్టూ పిల్లలు. పారిపోవడం తెలియని పెద్దమనిషి ఒక్కతే దొరికిందని పిల్లలకు అర్థమైంది. ఒక్కొక్కరూ వచ్చి ఆమె చేతిని నుదుటికి తాకించుకున్నారు. ఒకపిల్ల చీరకొంగులా ఆమె గౌను అంచు పట్టుకుంది.

"నినాంగ్, నువ్వు వెళ్ళిపోకు!"

సియోనీ కళ్ళు నిండాయి. "ఎందుకమ్మా?"

"నువ్వు వెళ్ళిపోతే మాకెవరిస్తారు?"

సియోనీ కళ్ళు తుడుచుకుంది. పంది తోలు కరకరలాడేలా విరిచి, సగం మందికి పంచింది. మిగతా సగం మందికి రేపు తన ఇంట్లో అంది. అంతే, ఒక్కడూ కదల్లేదు. ఇల్లెక్కడని అడిగారు. మళ్ళీ చెప్పమన్నారు. జీప్నీ దాకా వచ్చారు, చేతులు పట్టుకున్నారు, బండి కదిలాక వెంట పరుగెత్తారు. ఆమె జన్మలో అంత సేపు ఎవరూ ఆమెను సాగనంపలేదు.

సంఘం నివేదికలో ఇలా ఉంది: "వీడ్కోలు సభ నిర్ణీత సమయానికి, ఏ విధమైన వీడ్కోలూ లేకుండా, విజయవంతంగా ముగిసింది."

ఇప్పుడు ఆలింగ్ సియోనీ ఇంట్లోనే ఉంటోంది. వచ్చిన ప్రతి బిడ్డకూ ఒక మిఠాయి ఇచ్చి, రెండోది రేపంటుంది. పిల్లలకు జడిసి దోరో ఆ వీధిలోంచి రావడం మానేశాడు. ఆ మాటేమిటో ఇంకా తెలియదు. మిఠాయిల డబ్బా అడుగంటిందని మొన్న కబురు పంపింది. ఇంతదాకా ఆమె కోసం జాలిపడ్డ పాఠకులు దయచేసి తలా ఒక పొట్లం... ఇదేమిటి, కూర్చోండి! కథ ఇంకా అయిపోలేదు!