సదయ్య మేళానికి తెలిసిన దారి

ఆ పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చే తండ్రికి బొగ్గుబాయి గేటు దగ్గర చెప్పి బయల్దేరాలి. తల్లి సుగుణమణి సర్టిఫికెట్లున్న ట్రంకుపెట్టెతో బస్టాండులో ఉంటుంది. అక్కడ బస్సు, రామగుండంలో రైలు, సాయంత్రం ఆఫీసు మూసేలోగా పట్నంలో యూనివర్సిటీ. అంతే. ఇంత సాఫీ పథకం గోదావరిఖనిలో ఎన్నడూ ఎవరికీ పారలేదన్న సంగతి అతనికి తట్టలేదు.

మొదట మార్కులు చాలక అతనికి ఇంజనీరింగు సీటు రాలేదు. పాలిటెక్నిక్‌లో చేరి, హాస్టలు నీళ్ల చారు తాగి, డిప్లొమా మంచి మార్కులతో గట్టెక్కి, యూనివర్సిటీలో నేరుగా రెండో ఏడు చేరే సీటు సంపాదించాడు. డిప్లొమా వాళ్లకిచ్చేవే పిడికెడు సీట్లు. ఇవ్వాళ సాయంత్రానికి చేరకపోతే సీటు తర్వాతివాడిది.

ఈ సీటు కోసం అతని కంటే ఎక్కువ కష్టపడ్డవాడు తండ్రి యిర్మియా. ఆయన చాలా రోజులుగా దగ్గుతున్నాడు. దవాఖానకు పొమ్మంటే, "దుమ్ము బిడ్డా, చాయ తాగితే పోతది" అనేవాడు. డాక్టరు చూస్తే అన్‌ఫిట్ అని రాస్తాడు, రాస్తే తన నౌకరి కొడుక్కిస్తారు, ఇక కొడుకు చదువు బాయిలో కలుస్తుందని ఆయన భయం. అందుకే కంపెనీ దవాఖాన ఉన్న వీధిలో నడవడం కూడా మానేశాడు.

గేటు దగ్గర ఉన్నది తండ్రి ఒక్కడే కాదు. బాయిలో ఆయనతో కలిసి పనిచేసే జోడీగాడు రాజం బంతిపూల దండతో నిలబడ్డాడు. వెనక ట్రాక్టరు, దాని ముందు సదయ్య డప్పుల మేళం.

"ఏంది కాకా ఇదంత?"

"మన బాయోళ్ల పిల్లగాడు ఇంజినీరు అయితుండు. సప్పుడు లేకుంట పంపుతమా? బస్టాండుదాక మేళంతోని పోవాలె," అంటూ రాజం అతని మెడలో దండ వేసి, ట్రాక్టరు ఎక్కించి, తనూ ఎక్కాడు.

బస్టాండు అన్న మాట రాజం అందరికీ చెప్పాడు, సదయ్యకు తప్ప. చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది? బాయి గేటు దగ్గర మెడలో దండ పడ్డదంటే వాడు నౌకరి నుంచి దిగిపోతున్న కార్మికుడు. దిగిపోయేవాణ్ణి డప్పులతో క్వార్టరుదాకా తీసుకెళ్లి పెళ్లానికి అప్పజెప్పాలి. మేళం పెట్టిన నాటి నుంచి సదయ్య చేస్తున్న పని అదే. దండలో ఉన్న మొహం పడుచుదా ముసలిదా అని చూసే అలవాటు అతనికి లేదు.

చౌరస్తాలో బస్టాండు కుడివైపు. మేళం ఎడమకు తిరిగింది. ట్రాక్టరు మేళం వెనక తిరిగింది.

"కాకా, బస్టాండు అటు కదా," అన్నాడు దయాసాగర్.

"రెండు గల్లీలు తిప్పి తోల్కపోతరు తియ్. మనోళ్లంత చూడాలె గదా," అన్నాడు రాజం.

గల్లీలో ప్రతి గడప ముందూ ట్రాక్టరు ఆగింది. ఒకరు ఎదురొచ్చి బిందెతో నీళ్లు దారి మీద ఆరబోశారు, ఒకరు బొట్టు పెట్టారు, ఒక ముసలమ్మ అతని గడ్డం పట్టుకొని ఏడ్చింది. అతనికీ ఏడుపు వచ్చింది, అయితే కారణం వేరు. దిగి పరిగెత్తుదామంటే చుట్టూ జనం. అరుద్దామంటే డప్పులు. తన బతుకులో మంచి రోజంటూ వస్తే అది ఇలాగే వస్తుందని ఎక్కడో లోపల అతనికి ముందే తెలుసు.

పక్క క్వార్టరు సారక్క గుమ్మంలోంచి చూసింది. "గింత చిన్నోడు దిగిపోవుడేంది?"

"దిగిపోవుడు కాదక్కా, నౌకరి ఎక్కుడు," అంది ఎదురింటి లస్మవ్వ. "యిర్మియన్న అన్‌ఫిట్ అయినట్టున్నడు. కొడుక్కు నౌకరి ఇచ్చిండ్రు."

"మరి అన్న ఏడి?"

అన్న నిజంగానే లేడు. సంతోషం పట్టలేక ఏడుస్తూ ట్రాక్టరు వెనక నాలుగడుగులు వేసి, దగ్గు తెర ముంచుకొచ్చి, చాయ బండి దగ్గర కూలబడ్డాడు. ఆ లేకపోవడమే సాక్ష్యమైంది. మొదటి గల్లీలో అన్‌ఫిట్ అయినవాడు రెండో గల్లీలో దవాఖానలో పడ్డాడు. కబురు బస్టాండుకు చేరేసరికి ఆయన ఇక లేవడు. ఆ కబురు విన్న సుగుణమణి బస్సును వదిలేసి, ట్రంకుపెట్టె నెత్తికెత్తుకొని దవాఖానకు పరిగెత్తింది.

మేళం దయాసాగర్‌ను తాళం వేసిన వాళ్ల క్వార్టరు ముందు దించింది. సదయ్య అక్కడ ఆపి, చెమట తుడుచుకొని, ఇంటామె కోసం అటూ ఇటూ చూశాడు. దయాసాగర్ దండతోనే బస్టాండుకు ఉరికాడు. అక్కడ బస్సూ లేదు, తల్లీ లేదు. "మీ అవ్వ దవాఖానకు ఉరికింది," అన్నాడు సోడాలమ్మేవాడు. చాయ బండి దగ్గర యిర్మియాకూ అదే కబురు అందింది. భార్యకేదో అయిందనుకున్నాడు. ఏండ్ల తరబడి తప్పించుకు తిరిగిన వీధిలోకి ఆయన తనంతట తానే పరిగెత్తుకుంటూ వచ్చాడు.

దవాఖాన వరండాలో ముగ్గురూ కలిశారు.

"నువ్వు మంచిగనే ఉన్నవా?" అంది సుగుణమణి కోపంగా.

"నాకేమైతదే?" అని యిర్మియా నవ్వాడు. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. ఆయన వరండా స్తంభం పట్టుకొని వంగిపోయాడు, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల గదిలో డాక్టరు చేతిలో పని ఆపి బయటికి వచ్చాడు.

"ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు?"

"ఇప్పుడే సార్. దుమ్ము. చాయ తాగితే పోతది."

"లోపలికి రా."

చాలాసేపటికి యిర్మియా చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి ట్రంకుపెట్టె మీద కూర్చున్నాడు. డాక్టరు రాసిచ్చిన కాయితం మడిచి జేబులో దాచాడు.

"రైలు దొరుకుతదా బిడ్డా?" అన్నాడు.

"పోయింది బాపూ."

"ఇంకోటి?"

"అది ఎక్కినా లాభం లేదు. సీటు పోయినట్టే." దయాసాగర్ తండ్రి పక్కన కూర్చొని, సిగ్గుపడకుండా ఏడ్చాడు. అటూ ఇటూ చూసి యిర్మియా కొడుకు మెడలోని దండ తీసి ట్రంకుపెట్టె మీద పెట్టాడు.

కొన్ని వారాలకు కంపెనీ యిర్మియాను అన్‌ఫిట్ కింద దించి, నౌకరి కొడుక్కిచ్చింది. కొడుకు మొదటి షిఫ్టుకు బాయిలోకి దిగుతుంటే, గేటు బయట తండ్రి మెడలో రాజం బంతిపూల దండ వేశాడు. డప్పులు మోగాయి.

ఈసారి సదయ్య మేళం దారి తప్పలేదు.